మాధ్యమం మారింది, భాష నేర్పే పని ఎవరిది?

(ఒద్దిరాజు సోదరుల స్మృతిలో కేసముద్రంలో చేసిన ఉపన్యాసం, పూర్తి పాఠం)



1922 ఆగస్టులో ఇనుగుర్తి నుంచి ‘తెనుగు’ వారపత్రిక మొదలైంది. నిన్నమొన్నటి దాకా ఇనుగుర్తి మన కేసముద్రం మండలంలోని ఊరే. ఆ పత్రికను నడిపిన ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు సొంత అన్నదమ్ములు. పల్లెటూళ్లో అచ్చుయంత్రం పెట్టి, తామే రాసి, తామే అక్షరాలు కూర్చి, తామే అచ్చువేసి పాఠకులకు పంపారు. అప్పటికి నిజాం రాజ్యంలో కచేరీ కాగితం ఉర్దూ, పై చదువు ఉర్దూ. ఆ అన్నదమ్ములకు ఉర్దూ బాగా వచ్చు, సంస్కృతం వచ్చు, ఇంగ్లీషూ వచ్చు. ఏ భాష మీదా వారికి కోపం లేదు. వారు పూనుకున్న పని వేరు. కవిత్వంలో, పురాణంలో తెలుగు అప్పటికే ఉంది. లోకంలో ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది, దాన్నిబట్టి మనం ఏం చేయాలి అని విడమరిచి చెప్పే మామూలు వచనం ఈ ప్రాంతంలో అచ్చులో కనిపించడం అరుదు. ఆ వచనానికి వారు చోటు చూపించారు.

వారి పేరు మీద మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు తెలుగు తీయదనం గురించి చెప్పకూడదని అనుకున్నాను. ఆ మాట చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇవాళ నా ప్రశ్న ఒక్కటే. బడిలో లెక్కలు, సైన్సు, సాంఘికశాస్త్రం ఇంగ్లీషులోకి మారాయి. సరే, మారాయి. మరి భాషలు నేర్పే పని ఏమైంది? తెలుగు పీరియడ్ ఏమైంది? ఇంగ్లీషు పీరియడ్ ఏమైంది? లెక్కల సారూ సైన్సు మేడమూ ఇన్నాళ్లు తమకు తెలియకుండానే చేసిన భాషాబోధన ఎటు పోయింది?

వందేళ్లు, మూడు మాధ్యమాలు

ఈ నేల మీద ఒక శతాబ్దంలో మూడు బడి భాషలు వచ్చాయి. మొదటిది ఉర్దూ. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పిన విశ్వవిద్యాలయంగా దేశమంతా దాని పేరు చెప్పుకున్నారు. దానికోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు. వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పారు. మన భాషలు శాస్త్రానికి పనికిరావని ఎవరైనా అంటే మన హైదరాబాదే జవాబు. అయితే మానుకోట (మహబూబాబాద్) తాలూకా రైతుబిడ్డకు ఆ ఉర్దూ కూడా పరాయిదే. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపించారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. పిల్లలకు వాళ్ల భాషలో చదువు కావాలన్నది ఆ ఉద్యమం మొదటి నుంచీ అడిగిన సంగతుల్లో ఒకటి.

రెండోది తెలుగు. 1948 తర్వాత ఊళ్లల్లో తెలుగు బళ్లు వచ్చాయి. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1968లో, పి.వి. నరసింహారావు విద్యాశాఖ చూస్తున్న రోజుల్లో, తెలుగు అకాడమీ ఏర్పడింది. ఇంటర్మీడియట్ మొదలైన కొత్తలోనే తెలుగు మాధ్యమం పుస్తకాలు ఆ అకాడమీ నుంచి వచ్చాయి. ఇంట్లో అక్షరం లేని కుటుంబాల నుంచి మొదటి తరం టీచర్లు, గుమాస్తాలు, పోలీసులు, నర్సులు తయారైంది ఆ చదువుతోనే. అందులో లోపం కూడా ఉంది. పాఠ్యపుస్తకాల తెలుగు చాలాచోట్ల సంస్కృతం బరువు మోయలేక కుంటింది. పిల్లలు అర్థం చేసుకున్నది తక్కువ, వల్లెవేసింది ఎక్కువ. తెలుగు మాధ్యమాన్ని తలచుకొని నిట్టూర్చేవాళ్లు ఈ సంగతి మర్చిపోకూడదు.

మూడోది ఇంగ్లీషు. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో ఉమ్మడి రాష్ట్రంలోని సర్కారు హైస్కూళ్లలో ఇంగ్లీషు సెక్షన్లు మొదలయ్యాయి. తెలంగాణలో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిది దాకా, ఆ తర్వాత 9, 10 తరగతుల్లో, సర్కారు బడి మొత్తం ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. తాత ఉర్దూలో, తండ్రి తెలుగులో, మనవరాలు ఇంగ్లీషులో చదివిన కుటుంబాలు ఈ సభలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక వాదం వినిపిస్తుంటుంది. మన జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి ఉర్దూ చదువుల్లో పెరిగి, ఉస్మానియాలో ఇంగ్లీషు సాహిత్యం చదివి, తెలుగులో మహాకవి కాలేదా? గాలిబ్‌ను తెలుగు చేసింది ఆయనే కదా? మాధ్యమం ఏదైతేనేం అంటారు. నిజమే, అయ్యారు. బడి ఇవ్వని తెలుగును ఆయనకు ఇల్లు ఇచ్చింది. ఇంట్లో పండితులు ఉన్నారు, పుస్తకాలు ఉన్నాయి. బడి బయట 1904లో హనుమకొండలో పెట్టిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం లాంటి గ్రంథాలయాలు, 1926లో వచ్చిన గోలకొండ పత్రిక, ఇనుగుర్తి ‘తెనుగు’ ఆ పని అందుకున్నాయి. బడి వదిలేసిన భాషను ఊరు భుజానికెత్తుకున్న కాలం అది. ఆ ఇళ్లు ఎన్ని? చదువుకున్నవాళ్లు నూటికి పదిమంది కూడా లేని రాజ్యంలో ఆ అవకాశం ఎవరికి దక్కింది? సాలెవాడలో, మాదిగవాడలో, తండాలో పుట్టిన పిల్లకు బడి తప్ప వేరే భాషానిలయం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అందుకే బడిలో భాష సంగతి దాశరథి ఉదాహరణతో తేలేది కాదు.

ఇంగ్లీషు అడిగినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు

తల్లిదండ్రులు మోజులో పడ్డారని తేలిగ్గా అనేవాళ్లతో నేను ఏకీభవించను. మనకు దగ్గరలోనే, చెన్నారావుపేట మండలం పాపయ్యపేటలో పుట్టిన కంచ ఐలయ్య ఎన్నో ఏళ్లుగా ఒకటే అడుగుతున్నారు. పెద్దకులాల పిల్లలు కాన్వెంటులో ఇంగ్లీషు చదువుతుంటే గొర్లకాపరి కొడుకు ఒక్కడే తెలుగును ఎందుకు కాపాడాలి? ఈ ప్రశ్నకు తెలుగు భాషాభిమానులు ఇంతవరకు సూటిగా జవాబు చెప్పలేదు. మార్కెట్ యార్డులో హమాలీ పనిచేసే తండ్రి తన కూతురిని ఊరు దాటించి ప్రైవేటు బడి బస్సు ఎక్కించాడంటే, పైన ఇంటర్, ఇంజనీరింగు, నర్సింగు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయని అతనికి తెలుసు. నీట్, జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రాలు తెలుగులో కూడా ఇస్తున్నారు. కానీ ఆ పరీక్షకు సిద్ధం చేసే పుస్తకం, కోచింగు, ఆ తర్వాతి కాలేజీ తెలుగులో ఉండవని కూడా అతనికి తెలుసు.

చట్టం ఇంకో మాట చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా అదే మంచిదంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో జీవో 81తో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేయబోతే 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కోర్టులో ఎవరు గెలిచినా జనం మాత్రం బస్సు ఎక్కేశారు. ఆ బస్సును వెనక్కి తిప్పమని నేను ఇవాళ అడగడం లేదు. ఎక్కిన పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో చూద్దామంటున్నాను.

చూడబోతే మొదటి చిక్కు మాధ్యమం కన్నా ముందే ఉంది. 2022 ‘అసర్’ సర్వేలో, తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు నూటికి 5.2 మంది. 2018లో ఆ సంఖ్య 18.1. ఈ పతనాన్ని ఇంగ్లీషు మాధ్యమం ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఆ మాధ్యమం అప్పుడే మొదలైంది. అంతకుముందు కరోనాతో బళ్లు నెలల తరబడి మూతపడ్డాయి. అయినా గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఏ భాషలోనూ ఇంకా చదవడం రాని పిల్లల చేతికి రెండు భాషల పుస్తకం ఇచ్చాం. అదే ఏడాది మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం ఈ లోటును గుర్తించింది. గుర్తించడం మంచిదే. కానీ ప్రాథమిక తరగతుల్లో అది అక్షరం దగ్గర మొదలై చదవడం దగ్గర ఆగుతుంది. నేను చెప్పబోయే చిక్కు దాని తర్వాతది, పై తరగతులది.

ఒక సైన్సు పీరియడ్

ఎనిమిదో తరగతి, భౌతికశాస్త్రం, ఘర్షణ పాఠం. ఇలాంటి పీరియడ్ ఈ జిల్లాలో ఏ బడిలోనైనా చూడవచ్చు. సారు ఇంగ్లీషు పేజీలో ఒక పేరా చదువుతారు. పిల్లలు కిక్కురుమనరు. పుస్తకం మూసి, ‘వానకాలం బండి ఎందుకు జారుతది?’ అని తెలుగులో అడుగుతారు. ఒక్కసారిగా క్లాసు లేస్తుంది. ఒక పిల్లవాడు అంటాడు: ‘రోడ్డు తడిస్తే పట్టు ఉండదు సార్. టైరు కొత్తదైతే గీతల్లకెళ్లి నీళ్లు పోతయి, పట్టు దొరుకుతది. అరిగిన టైరైతే నీళ్లు అడుగునే ఉంటయి, జారుతది.’

ఆ జవాబును జాగ్రత్తగా చూడండి. అందులో కారణం ఉంది, షరతు ఉంది, రెండు స్థితుల మధ్య పోలిక ఉంది. శాస్త్రానికి కావలసిన ఆలోచన అంతా ఉంది. సారు మెచ్చుకొని వెనక్కి తిరిగి బోర్డు మీద రెండు వాక్యాల ఇంగ్లీషు జవాబు రాస్తారు. నలభై నోటుబుక్కుల్లో ఆ రెండు వాక్యాలే దిగుతాయి. ఆ పిల్లవాడు చెప్పింది తెలుగులో రాయలేదు, ఇంగ్లీషులో రాయలేదు. వాడి ఆలోచన నోటి మాటగానే పోయింది. వాడి చేతిరాత ఇంకొకరి వాక్యంగానే మిగిలింది. పరీక్షలో వాడు ఆ రెండు వాక్యాలు తప్పులేకుండా రాస్తే ఇంగ్లీషు మీడియం సాగుతోందని మనం అనుకుంటాం.

సారును తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయన తెలుగులోనే చదువుకొని, తెలుగులోనే ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి. మాధ్యమం మార్చిన ఏడాది టీచర్లకు ఇంగ్లీషు మాట్లాడటంలో శిక్షణ ఇచ్చారు. ఇంగ్లీషులో ఆలోచించి రాయడం పిల్లలకు ఎట్లా నేర్పాలన్నది వేరే విద్య. అది ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాఠం తెలుగులో చెప్పడం ఆయన చేసిన తప్పు అసలే కాదు. అది లేకపోతే ఆ క్లాసులో ఎవరికీ ఏమీ అర్థం కాదు. చిక్కు ఆ తెలుగు కాగితం దాకా రాకపోవడంలో ఉంది.

ఒంటరైన తెలుగు పీరియడ్

ఇప్పుడు తెలుగు వైపు చూద్దాం. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు తెలుగు సబ్జెక్టు నోటుబుక్కు ఒక్కటే. కానీ తెలుగులో రాసే నోటుబుక్కులు ఐదారు. సైన్సులో ప్రయోగం చేసిన తీరు రాసేది. సాంఘికంలో కాకతీయుల చెరువుల వల్ల వచ్చిన లాభం రాసేది. లెక్కల్లో ‘ఇచ్చిన దత్తాంశం ప్రకారం’ అని మొదలుపెట్టి ‘కాబట్టి’ అని ముగించేది. తెలుగు పండితుడు పద్యం, ప్రతిపదార్థం, సంధి, సమాసం చెప్పినా నష్టం లేకపోయింది. ఎందుకంటే విషయం వివరించే తెలుగును మిగతా సబ్జెక్టుల టీచర్లు రోజూ నేర్పుతున్నారు. తాము భాష నేర్పుతున్నామని వాళ్లకూ తెలియదు, పండితుడికీ తెలియదు, శాఖకూ తెలియదు.

2022 తర్వాత ఆ సబ్జెక్టుల నోటుబుక్కులన్నీ ఒక్కసారే తెలుగు వదిలాయి. పండితుడు మాత్రం ఇంకా పద్యం దగ్గరే ఉన్నాడు. అంతమంది చేసిన పని ఇప్పుడు ఆయన ఒక్కడి నెత్తిన పడిందని ఎవరూ ఆయనకు చెప్పలేదు. దానికి తోడు పదో తరగతిలో రెండు తెలుగు పేపర్లు పోయి ఒకటే మిగిలింది. ఇంటర్‌లో చేరగానే మార్కులు సులువుగా పడతాయని రెండో భాషగా సంస్కృతం ఇప్పించే కాలేజీలు ఊరూరా ఉన్నాయి. అంటే పదహారేళ్ల వయసుకు ఆ పిల్లకు తెలుగు చదువు అయిపోతుంది. ఆ లోపు ఆమె తెలుగులో రాసిన వివరణ, వాదన, నివేదిక ఎన్ని?

తెలంగాణ ప్రభుత్వం 2018లో చట్టం తెచ్చి రాష్ట్రంలోని అన్ని బళ్లలో తెలుగును తప్పనిసరి చేసింది. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ బళ్లు కూడా దాని కిందికి వచ్చాయి. మంచి చట్టం. 2025లో అలాంటి బళ్ల పై తరగతులకు ‘సింగిడి’ బదులు తేలికైన ‘వెన్నెల’ వాచకం పెట్టాలని నిర్ణయించారు. ఈ రెండు అడుగులూ తెలుగు ఉండాలా వద్దా, ఎంత కష్టంగా ఉండాలి అన్నవాటికి జవాబు చెప్పాయి. తెలుగు పీరియడ్‌లో ఇప్పుడు ఏ తెలుగు నేర్పాలన్నది అట్లాగే ఉండిపోయింది. నా మట్టుకు అన్నిటికంటే పెద్ద ప్రశ్న అదే.

ఇంగ్లీషు పీరియడ్‌కూ అదే గతి

ఇంగ్లీషు మీడియం వచ్చిందంటే ఇంగ్లీషు టీచరు పని తేలికైందని చాలామంది లెక్క. నిజానికి ఆ టీచరు చెప్పేది కథ, సంభాషణ, డైరీ, ఉత్తరం. మన ఇంగ్లీషు వాచకాలు ఆ పద్ధతిలోనే తయారయ్యాయి. వాటి మేరకు అవి బాగానే ఉన్నాయి. కానీ పక్క గదిలో సైన్సు అడిగే ఇంగ్లీషు వేరు. నిర్వచించాలి, వర్గీకరించాలి, ఒకదాన్ని ఇంకోదానితో పోల్చాలి, కారణం చూపాలి, ప్రయోగం అంచెలంచెలుగా చెప్పాలి. ఆ వాక్యాలు ఇంగ్లీషు పీరియడ్‌లో రావు. సైన్సు పీరియడ్‌లో నేర్పరు. పిల్లలు గైడులో నుంచి ఎత్తుకుంటారు. ఇంగ్లీషు టీచరు సైన్సు సారుదనుకుంటారు, సైన్సు సారు ఇంగ్లీషు టీచరుదనుకుంటారు. మధ్యలో ఆ పని అనాథగా పడి ఉంది.

ఇంగ్లండులో కూడా ఒకప్పుడు ఇదే సంగతి తేలింది. 1975లో అలన్ బుల్లక్ నాయకత్వంలోని సంఘం ‘ఎ లాంగ్వేజ్ ఫర్ లైఫ్’ అనే నివేదిక ఇచ్చింది. ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడే పిల్లల గురించి కూడా ఆ సంఘం చెప్పింది ఇదే: భాష ఇంగ్లీషు టీచరు ఒక్కరి బాధ్యత కాదు; ప్రతి బడికి అన్ని సబ్జెక్టుల్లో భాష నేర్పే విధానం ఒకటి ఉండాలి. ఇంగ్లీషు సొంత భాష అయినవాళ్లకే అది అవసరమైతే, ఇంగ్లీషు బడి గోడల మధ్య తప్ప వినని మన పిల్లలకు ఎంత అవసరం!

మనవాళ్లు ఎక్కువగా చూపించేది కెనడాను. 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు పిల్లలను మొదటి నుంచీ ఫ్రెంచిలో చదివించారు. ఆ ప్రయోగం గెలిచింది. అయితే ఆ పిల్లల ఇంటి భాష ఇంగ్లీషు. ఇంట్లో పుస్తకాలు ఉన్నాయి, తల్లిదండ్రులు చదువుకున్నవాళ్లు, టీచర్లకు ఫ్రెంచి సొంత భాష. పైగా కొన్నేళ్లకు బడిలోనే ఇంగ్లీషు చదవడం, రాయడం కూడా పద్ధతిగా నేర్పారు. ఒక భాష మీద గట్టిగా నిలబడి రెండో భాషలోకి వెళ్లారు. మలేసియా అనుభవం మనకు ఇంకా దగ్గర. 2003లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోకి మార్చారు. పల్లె పిల్లలు వెనకబడ్డారు, చాలామంది టీచర్లకు ఆ ఇంగ్లీషు సరిగా రాలేదు. 2009లో వెనక్కి పోవాలని నిర్ణయించారు, 2012 నుంచి మార్చడం మొదలుపెట్టారు. తల్లిదండ్రులు ఊరుకోలేదు, 2016 నుంచి కావాలన్న బళ్లకు మళ్లీ ఇంగ్లీషు అవకాశం ఇచ్చారు. మాధ్యమాన్ని అటూ ఇటూ తిప్పినంత మాత్రాన చదువు బాగుపడదని ఆ దేశం డబ్బు ఖర్చుపెట్టి తెలుసుకుంది. మనం ఊరికే తెలుసుకోవచ్చు.

తండా పిల్లకు తెలుగు ఎన్నో భాష?

మానుకోట జిల్లాలో కూర్చొని మాతృభాష అంటే తెలుగే అనుకుంటే అది అన్యాయం. కేసముద్రం చుట్టూ ఎటు పోయినా తండాలే. ఆ ఇళ్లల్లో మాట లంబాడీ. రాజస్థానీకి దగ్గరి భాష. ఏజెన్సీ వైపు కొత్తగూడ, గంగారం పోతే కోయ. తండా నుంచి ఒకటో తరగతికి వచ్చిన ఐదేళ్ల పిల్లకు తెలుగే రెండో భాష. ఇంగ్లీషు మూడోది, కొన్నాళ్లకు హిందీ నాలుగోది. తెలుగు మాధ్యమం ఉన్నప్పుడు కూడా ఆ పిల్లకు బడి పరాయి భాషలోనే మొదలైంది. అప్పుడు ఆమె కోసం గొంతెత్తని మనం ఇప్పుడు మాతృభాష పేరు చెప్పుకుంటే ఆమె తండ్రి నవ్వడా?

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో మొదటి తరగతుల చదువు మొదలుపెట్టింది. సవర, కోయ, గోండి, బంజారా పుస్తకాలు తయారయ్యాయి. అంతకు దాదాపు నూరేళ్ల ముందే గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర నేర్చుకొని ఆ భాషలో పుస్తకాలు రాసి బడి నడిపించారు. తెలుగు వ్యవహార భాష కోసం పోరాడిన మనిషే సవర పిల్లల కోసం కూడా పనిచేయడం కాకతాళీయం కాదు. పిల్ల ఇంటి నుంచి తెచ్చిన మాటను బడి గుమ్మం దగ్గర వదిలేసి రమ్మనకూడదన్నది రెండు పనుల్లోనూ ఉన్న సూత్రం. ఆ లెక్కన తెలుగు మాస్టరు బాధ్యత రెట్టింపు. తండా పిల్లకు తెలుగును రెండో భాషగా నేర్పాలి. సంధి సూత్రాలకు ముందు మాట్లాడించాలి, వినిపించాలి, అర్థమైందో లేదో లంబాడీ తెలిసిన పై తరగతి పిల్లలతో అడిగించాలి. ఇంగ్లీషు నేర్పడంలో మనం వాడుతున్న పద్ధతులు ఇక్కడ తెలుగుకు పనికొస్తాయి.

ఏం చేయవచ్చు

జీవో కోసం, కొత్త పోస్టుల కోసం చూడకుండా వచ్చే నెల నుంచి చేయదగినవే చెబుతాను.

మొదటిది, రెండు భాషల పుస్తకాన్ని నిజంగా వాడటం. ఇప్పుడు చాలాచోట్ల తెలుగు పేజీ టీచరు చూసుకోవడానికి మాత్రమే పనికొస్తోంది. వారానికి ఒక ప్రశ్నకు పిల్లలు ముందు తెలుగులో, సొంత మాటల్లో, ఒక పేరా రాయాలి. తర్వాత అదే విషయం ఇంగ్లీషులో మూడు నాలుగు వాక్యాలైనా రాయాలి. టైరు గురించి చెప్పిన పిల్లవాడి మాట ఆ తెలుగు పేరాలోకి రావాలి. ఇంగ్లీషు వాక్యాలకు అవసరమైతే మొదలు ఇచ్చి మిగతాది పూర్తిచేయమనండి. ఎఫ్.ఏ. అనే నిర్మాణాత్మక మూల్యాంకనంలో ‘రాత పనులు’ అనే అంశం ఇప్పటికే ఉంది. గైడు చూసి ఎక్కించకుండా సొంతంగా రాయాలన్నదే దాని ఉద్దేశం. దాన్ని ఆ ఉద్దేశంతో వాడితే చాలు.

రెండోది, తెలుగు పీరియడ్‌లో వివరించే వచనానికి చోటు. పద్యం తీసేయమనను, దాని పక్కన ఇంకోటి పెట్టమంటాను. ఈ ఊళ్లో దానికి సామగ్రి వెతుక్కోనక్కర్లేదు. మార్కెట్ యార్డు నుంచి ఒక తక్‌పట్టీ, అంటే రైతుకు ఇచ్చే అమ్మకం చీటీ, తెప్పించండి. ఎన్ని బస్తాలు, తూకం ఎంత, తరుగు ఎంత తీశారు, ధర ఎంత పడింది, హమాలీ, దడ్వాయి (తూకం వేసే మనిషి) ఖర్చులు పోను రైతు చేతికి ఎంత వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ కాగితం చూసి, చదువురాని తాతకు అర్థమయ్యేట్టు ఒక పేజీ తెలుగులో రాయాలి. వేలంలో పలికిన గరిష్ఠ ధరకూ, అంటే జెండా పాట రేటుకూ, తన సరుకుకు పడ్డ రేటుకూ తేడా ఎందుకు వచ్చిందో, తేమకూ, మిర్చిలో తాలుకాయకూ అందులో పాత్ర ఏమిటో రాయాలి. తరుగు అన్యాయమనిపిస్తే మార్కెట్ కార్యదర్శికి అర్జీ రాయాలి. శాతాలు లెక్కల సారు చూసుకుంటారు. ఆ లెక్కే నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో ఇంగ్లీషు మేడం రాయిస్తారు. ఒక్క కాగితంతో మూడు పీరియడ్లు కలుస్తాయి. యార్డు మాటల్లో సగం ఉర్దూ, కొన్ని ఇంగ్లీషు, మిగతావి తెలుగు. వాటిని శుద్ధి చేయాల్సిన పనిలేదు. పండే పంటకూ చేసే పనికీ ఉన్న మాటలను భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా సేకరింపజేసి మాండలిక వృత్తిపదకోశంగా 1962లో మొదటి సంపుటం తెచ్చారు. అది వ్యవసాయం మీదే. ఆ పనికి కొనసాగింపు ఈ ఊరి పిల్లలు చేయగలరు.

మూడోది, టీచర్లు కలిసి కూర్చోవడం. నెలకు ఒక్కసారి, ఒక్క గంట. సైన్సు, లెక్కలు, సాంఘికం టీచర్లు వచ్చే నెల పాఠాలు చెబుతారు. వాటిలో పిల్లలు ఏ రకం వాక్యాలు రాయాలో తేల్చుకోవాలి. పోల్చే వాక్యాలా, కారణం చెప్పేవా, క్రమం చెప్పేవా? ఆ రకం ఇంగ్లీషులో ఇంగ్లీషు టీచరు, తెలుగులో తెలుగు టీచరు అదే నెలలో నేర్పాలి. ఏళ్ల తరబడి అడిగి 2024లో పదోన్నతులు పొందిన భాషా పండితులు ఇప్పుడు స్కూల్ అసిస్టెంట్లు. బడి మొత్తం భాష గురించి మాట్లాడే హోదా వారికి దక్కింది. దాన్ని వాడుకోవాలి.

నాలుగోది, సైన్సు జవాబులో సైన్సుకే మార్కులు. బడి చేతిలో ఉన్న లఘు పరీక్షల్లో పిల్ల సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో రాసినా విషయం సరిగా ఉంటే పూర్తి మార్కులు ఇవ్వాలి. భాషను దిద్దండి, దానికి మార్కు కోయకండి. భయం పోతేనే సొంత వాక్యం వస్తుంది.

ఇవన్నీ చేయడానికి టైమెక్కడిది, సిలబస్ ఎట్లా పూర్తవుతుంది అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒకరు రాసిన జవాబు నలభై మంది ఎత్తి రాసుకోవడానికి ఇప్పుడు పోతున్న టైము ఎంతో ఒకసారి చూడండి. అందులో కొంత మిగిల్చినా వారానికి ఒక పేరా రాయించడానికి సరిపోతుంది. నలభై పేరాలు దిద్దడం కష్టం. వారానికి పది మందివి దిద్దండి, నెలకు అందరివీ అవుతాయి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. సమావేశానికి బడికి వెళ్లినప్పుడు ‘ఇంగ్లీషు మీడియమేనా?’ అని అడుగుతున్నారు. ఇకమీదట పిల్ల సైన్సు నోటుబుక్కు తెరవండి. ‘ఇందులో బోర్డు చూసి ఎక్కించుకోకుండా, మా పిల్ల తనంతట తాను రాసింది ఏది?’ అని అడగండి. ఇంగ్లీషు రాని తల్లి కూడా అడగగలిగిన ప్రశ్న అది. తెలుగులో ఒక పేరా, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు చూపించగలిగిన బడికి మీ పిల్లను నమ్మకంగా పంపవచ్చు. చూపించలేకపోతే మళ్లీ నెల వెళ్లి మళ్లీ అడగండి. మాధ్యమం సంగతి ప్రభుత్వాలు తేల్చుకుంటాయి. నోటుబుక్కు సంగతి మీరూ టీచర్లూ కలిసి తేల్చుకోవాలి.